కప్పబొమ్మల కార్డులు

1869లో ఆస్ట్రియా-హంగరీ దేశమున తపాలా కార్డు పుట్టెను. పిమ్మట చిత్రములు చేరగా, కప్పయు దేశదేశముల కార్డుల కెక్కెను. జర్మనుల కది గాజుజాడీలోని నిచ్చెన పైకెక్కి యెండను, దిగి వానను దెలుపు జోస్యుడు. జపానుభాషలో ‘కయేరు’ అనగా కప్ప; తిరిగివచ్చుటకును అదే పలుకు. కావున నచ్చట నది ప్రయాణికుని క్షేమాగమనమునకు శుభచిహ్నము. వానకై కప్పతల్లి నూరేగించు మనమే యజ్ఞుని కూపమండూక మందుము.

కార్డులు సేకరించువారు కొందఱు తపాలా బిళ్ళకై వానిని నీట నానబెట్టుదురు. ఇది తగదు. జపాను కార్డుపై 1904-05 రష్యా యుద్ధకాలపు ముద్ర యున్నచో, నా కప్ప వట్టి వినోదపుబొమ్మ గాదు. సైనికుని రాకకై యెదురుచూచిన యింటివారి యాశయు గావచ్చును. ముద్రయు వ్రాతయు చెఱిగిన పిదప బొమ్మ మిగులును; చరిత్ర మిగులదు.