సందూకులోని తారీఖు, కంప్యూటర్ తారీఖు

మా దాదాజాన్ సందూకులో ఒక జమీను దస్తావేజు ఉంది. పైన ఉర్దూలో ‘ఆజుర్ 1352 ఫస్లీ’ అని రాసి ఉంటుంది. ఇంట్లో పంపకాల మాట నడుస్తోందని దాన్ని స్కాన్ చేసి, జిద్దాలో కంప్యూటర్ కొలువు చేస్తున్న మా చాచా కొడుక్కి పంపాను. మర్నాడే ఫోను. "భాయ్‌జాన్, ఎల్‌ఎస్ కొట్టి చూస్తే ఈ ఫైలుకు నిన్నటి తారీఖే ఉంది. కాగజ్ అసలుదేనా?"

ఆ సవాలు దిల్‌కు గుచ్చుకుంది. నిజానికి తప్పు తనదీ కాదు, కాగజ్‌దీ కాదు.

ఎల్‌ఎస్ అంటే యూనిక్స్‌లో ఫైళ్ల ఫెహరిస్తు చూపే ఆదేశం. 1971 నాటి మొదటి మాన్యువల్‌లోనే ఉంది. ‘ఎల్‌ఎస్ -ఎల్’ అని కొడితే కనిపించే తారీఖు ఫైలు పుట్టిన రోజు కాదు, లోపలి సంగతి ఆఖరుసారి మారిన రోజు. మామూలుగా నకలు తీస్తే నకలు తీసిన రోజే పడుతుంది. ఇంకో ఆదత్ కూడా ఉంది. ఆరు నెలల లోపు ఫైలైతే నెల, రోజుతో పాటు గంట, నిమిషం చూపిస్తుంది. అంతకన్నా పాతదైతే గంట తీసేసి ఆ జాగాలో సాలు పెడుతుంది. మన బుజుర్గులూ అంతే కదా! నిన్నటి మాటైతే ‘జొహర్ తర్వాత’ అంటారు, పాత మాటైతే ‘ఫలానా సాలులో’ అంటారు.

మెషిను లోపల సాలూ లేదు, నెలా లేదు. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల గినతీ మాత్రమే. మొదట్లో సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కపెట్టారు. 32 బిట్ల జాగా రెండేళ్ల మూడు నెలలకే నిండిపోతుంటే పద్ధతి మార్చారు.

ఫస్లీ కూడా అవసరం కొద్దీ పుట్టిన లెక్కే. హిజ్రీ సాలుకు సుమారు 354 రోజులు, చాంద్‌ను బట్టి నడుస్తుంది. ఫసల్ సూర్యుణ్ణి బట్టి చేతికొస్తుంది. శిస్తు వసూలుకు రెండూ పొసగక అక్బర్ జమానాలో ఫస్లీ తెచ్చారు. షాజహాన్ జమానాలో అది దక్కన్‌కు వచ్చింది. నిజాం రియాసత్‌లో ఆజుర్‌తో సాలు మొదలయ్యేది. కరీంనగర్, ఆదిలాబాద్ పాత రెవెన్యూ కాగజాత్‌లో కనిపించే దై, బహ్‌మన్, ఖుర్దాద్ ఆ నెలలే. ఆజుర్‌కు 590 కలిపితే ఈస్వీ సాలు వస్తుంది. అంటే మా కాగజ్ 1942 అక్టోబర్, నవంబర్ నాటిది. అందరూ అడిగే 1954–55 ఖాస్రా పహాణీ 1364 ఫస్లీది.

వీడియో కాల్‌లో అసలు కాగజ్‌ను, దాని మీది మొహర్‌ను చూపించి ఈ హిసాబంతా చెప్పాను. "మాఫ్ కరో భాయ్‌జాన్" అన్నాడు తమ్ముడు.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. స్కాన్ చేసేటప్పుడు కాగజ్ మీది తారీఖును ఫైలు పేరులోనే రాయండి. నకలు తీసేటప్పుడు ‘సీపీ -పీ’ వాడితే ఫైలు పాత తారీఖు నిలుస్తుంది. ఎన్ని నకళ్లున్నా అసలు కాగజ్‌ను మాత్రం పారేయకండి.