నమూనాల ప్రయాణం

1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి చూచాడు. నాలుగు దినాల క్రితం అది మలేరియా రోగి రక్తం త్రాగింది. కడుపు గోడలో నల్లని రేణువులు గల వింత కణాలు కనిపించినవి. మరునాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై ఉన్నవి. అయితే ఈ మాట లోకం నమ్మవద్దా? స్లైడులు లండనులోని పాట్రిక్ మాన్సన్ చేతికి చేరినవి. ఆయన, మరికొందరు నిపుణులు చూచి వ్రాసిన అభిప్రాయాలతో రాస్ వ్యాసం డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

ఆ స్లైడుల వల్ల దారిలో ఎవరికీ ప్రమాదం లేదు. రాస్ పంపినది కణాల ఆకారాన్నే గాని వాటి ప్రాణాన్ని కాదు.

1900లో మాన్సన్‌కు ఆకారం చాలలేదు. దోమకాటు వల్లనే జ్వరం వస్తుందని ఋజువు చేయాలంటే దోమ బ్రతికి రావాలి. రోములో మలేరియా రోగుల రక్తం త్రాగిన దోమలను లండనుకు తెప్పించి, తన కుమారుణ్ణే కుట్టించాడు. సెప్టెంబరులో ఆ యువకునికి జ్వరం వచ్చింది. రక్తంలో మలేరియా క్రిములు కనిపించినవి. ఋజువు దొరికింది, నిజమే. కాని దోమలున్న ఆ పంజరం దారిలో చినిగి ఉంటే?

ప్రాణంతో పంపక తప్పని సందర్భాలు నేటికీ ఉన్నవి. 2003 జూన్-ఆగస్టు నెలలలో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకింది. 183 మంది మరణించారు. పూనాలోని జాతీయ వైరస్ పరిశోధన సంస్థ నమూనాలను పరీక్షించి చాందీపురా వైరస్‌ను గుర్తించింది. వైరస్‌ను పెంచి చూడాలంటే అది దారిలో చావరాదు, మోసేవానికి అంటరాదు.

ఈ రెండింటికీ కుదిరిన ఉపాయం మూడు పొరల కట్ట. నమూనా కారని సీసాలో ఉంటుంది. సీసా పగిలినా ద్రవమంతా పీల్చగల పదార్థాన్ని చుట్టూ పెట్టి, మరొక కారని డబ్బాలో మూస్తారు. ఆ డబ్బాను గట్టి పెట్టెలో ఉంచి, మంచును డబ్బాకు వెలుపల పేరుస్తారు. గుంటూరు శీతల గిడ్డంగులలో మిరప రంగును కాపాడేది ఏ చల్లదనమో ఇక్కడ వైరస్‌ను నిలిపేదీ అదే: రసాయన మార్పులు మందగిస్తాయి. మంచుకు బదులు ఘన కార్బన్ డయాక్సైడు వాడితే వాయువు పోయే దారి ఉండాలి, లేకుంటే పెట్టె పగులుతుంది.

పీల్చే పదార్థం తరచు దూదియే. అయితే గుంటూరు, ప్రకాశం పొలాల పత్తిని గింజ తీసి అట్లే చుట్టితే పని జరగదు. పత్తిపోగుకు సహజంగా మైనపు పూత ఉంది గనుక నీటిపై తేలుతుంది. కాస్టిక్ సోడాలో ఉడికించి మైనం తీసిన దూది నీటిని పీల్చి మునుగుతుంది. మందుల దుకాణంలో దొరికేది ఇదే.