ఖాకా ఎవరిది? పాతబస్తీ అంచున రొహింగ్యా యువతుల చేతిపని వర్క్‌షాపులు

మగ్గం పని మొదలయ్యేది సూదితో కాదు, ఖాకాతో. పలచని ట్రేసింగు కాగితం మీద తీగో పువ్వో గీసి, గీత వెంబడి దగ్గర దగ్గరగా సూదితో చిల్లులు పొడుస్తారు. కొయ్య చట్రానికి బిగించిన గుడ్డ మీద ఆ కాగితం పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని అద్దితే చిల్లుల గుండా చుక్కలు దిగుతాయి. ఆరీ సూది నడిచేది ఆ చుక్కల మీదే. పాతబస్తీలో ఇంట్లో కూర్చుని జాకెట్లకు పని చేసే ఆడవాళ్ల దగ్గరికి గుడ్డ మామూలుగా చుక్కలు పడే వస్తుంది. ఏ పువ్వు, ఏ రంగు, ఎన్ని పూసలు అన్నవన్నీ ముందే మరెవరో తేల్చేసి ఉంటారు. శరణార్థి యువతులతో నడిపే చేతిపని వర్క్‌షాపుకు ‘సృజనాత్మక’ అన్న మాట తగునా లేదా అని తేల్చడానికి ఖాకా ఎవరు గీశారని అడిగితే చాలని ఈ వ్యాసం వాదన.

ఇక్కడ శరణార్థులంటే ప్రధానంగా రొహింగ్యాలు. 1982 పౌరసత్వ చట్టంతో మయన్మార్ వాళ్లను పరాయివాళ్లను చేసింది. 2012లో రఖైన్ రాష్ట్రంలో జరిగిన హింస తర్వాత హైదరాబాద్‌కు వాళ్ల రాక పెరిగింది. బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ ప్రాంతాల్లో అద్దె జాగాల్లో వెదురు, టార్పాలిన్ గుడిసెలు వేసుకున్నారు. జిల్లా లెక్కన అది రంగారెడ్డి అయినా బతుకు లెక్కన పాతబస్తీయే. నగరంలో వాళ్ల సంఖ్య ఐదారు వేలని తరచు చెబుతారు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డే వాళ్ల గుర్తింపు. ఆ సంస్థ తరఫున ఇక్కడ కోవా అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తూ వచ్చింది. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు కాబట్టి, ఆ కార్డు చూపించి ఉద్యోగం అడిగే హక్కంటూ లేదు.

తెలుగువాళ్లకు ఈ దారి కొత్తది కాదు. రంగూన్‌ను ‘రంగం’ అని పిలుచుకుంటూ కోస్తా జిల్లాల నుంచి వేలాదిమంది కూలికి వెళ్లారు. కోరంగి రేవు పేరు మీదే బర్మాలో వాళ్లను కోరంగీలన్నారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కాలినడకన బయలుదేరినవాళ్లలో ఎందరో అరకాన్ కొండల మీదుగానే చిట్టగాంగ్ వైపు నడిచారు. ఆ అరకానే నేటి రఖైన్. 1960లలో మళ్లీ తిరిగొచ్చినవాళ్ల గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది. తేడా ఒక్కటే, అదే పెద్దది: నడిచి నడిచి చేరుకోవడానికి మనవాళ్లకు ఒక ఊరుంది. బాలాపూర్ గుడిసెలో కుట్టు నేర్చుకునే అమ్మాయికి అలాంటి ఊరు లేదు. ఈ చరిత్ర తెలిసినవాళ్లు ఆమెను జాలితో చూడలేరనీ, బంధుత్వంతో చూస్తారనీ నా నమ్మకం.

ఇక సూది సంగతి. యుక్తవయసు వచ్చిన ఆడపిల్ల గడప దాటకూడదన్న కట్టుబాటు రొహింగ్యా కుటుంబాల్లో గట్టిది. నీళ్లు, వంట, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంటికొచ్చిన పాతసామాను ఏరడం, వీటితోనే రోజు గడుస్తుంది. అలాంటి ఇంట్లో ‘కుట్టు నేర్చుకోవడానికి వెళ్తున్నా’ అన్న మాటకు ఒప్పుకున్నంత సులువుగా మరో మాటకు ఒప్పుకోరు. అంటే సూది ఆ అమ్మాయికి పనిముట్టు కాకముందే బయటికి రావడానికి అనుమతిపత్రం. నిర్వాహకులు దీన్ని చిన్నచూపు చూడకూడదు. సాయంత్రానికి చేతిలో చూపించదగ్గ ముక్క ఏదీ లేకపోతే మర్నాడు ఆమెను పంపరు.

కానీ పాతబస్తీలో సూదికి మరో అర్థం కూడా ఉంది: పీసు లెక్క. జర్దోజీ కార్ఖానాల్లో మగ్గం చుట్టూ కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు. ఆడవాళ్ల వాటా ఇంటి పని, ఇంటి కూలి. లాడ్‌బజార్ లక్క గాజులదీ ఇదే తీరు. వేడి లక్క చల్లారకముందే రాళ్లు అద్దే చేతులు దుకాణం అద్దాల వెనక కనబడవు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది, అది న్యాయమే. అయితే ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 177వ ఒప్పందాన్ని మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు. ఈ బజారులోకి మూడు నెలల శిక్షణతో ఇంకో ముప్ఫైమందిని వదిలితే ఏమవుతుంది? రేటు పడుతుంది. నష్టపోయేది పక్క గల్లీలోని పేద హైదరాబాదీ ఆడదే. కాబట్టి స్థానిక అమ్మాయిల్నీ శరణార్థి అమ్మాయిల్నీ ఒకే మగ్గం చుట్టూ కూర్చోబెట్టడం, కుట్టుతోపాటు ధర కట్టడం నేర్పడం తప్పనిసరి. ఒక జాకెట్టుకు పట్టిన గంటలెన్ని, జరీ ఖర్చెంత, దుకాణదారు అమ్మిందెంతకు? ఈ లెక్క రాని వర్క్‌షాపు దళారీకే సాయం చేస్తుంది.

మగ్గం ఆకారంలోనే ఒక మేలుంది. నలుగురు ఎదురెదురుగా కూర్చుంటారు, చూపులు మాత్రం గుడ్డ మీద ఉంటాయి. ముఖం చూస్తూ చెప్పలేని మాట తల వంచుకుని చెప్పవచ్చు. ఇంట్లో చిట్టగాంగ్ యాసకు దగ్గరైన రొహింగ్యా మాట, బయట దక్కనీ ఉర్దూ, అక్కడక్కడా తెలుగు. ఈ మూడూ కలిసే చోటు అది. తల్లి పాతబట్టలతో కుట్టిన బొంత గుర్తు చేసుకోమంటే చాలు. మన బొంతకూ బెంగాల్ కాంథాకూ ఉన్న పోలిక ఏ భాషలోనూ వివరించనక్కర్లేదు.

అలాగని ‘నీ కథ కుట్టు’ అని ఒత్తిడి చేయడం వేరే ప్రమాదం. లావోస్ నుంచి 1975 తర్వాత థాయ్‌లాండ్ శిబిరాలకు చేరిన మోంగ్ తెగ మహిళల పాత ‘పూలగుడ్డ’లో గీతలూ వలయాలూ తప్ప మనుషులుండేవారు కాదు. బాన్ వినాయ్ వంటి శిబిరాల్లో యుద్ధం, మెకాంగ్ నది దాటడం బొమ్మలుగా కుట్టడం మొదలైంది. విదేశీ కొనుగోలుదారు కోసం గుడ్డ మీద ఇంగ్లీషు మాటలు కూడా చేరాయి. ఆ గుడ్డలు గొప్ప చరిత్ర పత్రాలు, సందేహం లేదు. కానీ ఏ దుఃఖం అమ్ముడుపోతుందో బజారు చెప్పడం మొదలుపెడితే ఖాకా మళ్లీ చేయి మారినట్టే. పారిపోయి వచ్చిన పిల్ల మామిడిపిందె కుడతానంటే మామిడిపిందే కుట్టనివ్వాలి.

ఫోటోల విషయంలో నేను ఇంకా పట్టుదలగా ఉంటాను. 2021 మార్చిలో జమ్మూలో నూట యాభైమందికి పైగా రొహింగ్యాలను నిర్బంధ కేంద్రానికి తరలించారు. ఆ భయం హైదరాబాద్ గుడిసెల్లో కూడా ఉంది. ముఖం, పేరు, బస్తీ కనబడే ఫోటో దాతకు నివేదిక అవుతుంది. ఆమెకు మాత్రం చిరునామా బయటపడ్డట్టే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ, ఒక సంస్థ తన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయకుండా కట్టడి చేసింది. పెద్ద సంస్థ నీడలో బతికే చిన్న బృందాలకు ఉన్న ఆ కొద్దిమంది దాతల మీద ఆధారపడడం ఇంకా పెరిగింది. ఆధారం పెరిగేకొద్దీ ‘చూపించు’ అన్న ఒత్తిడీ పెరుగుతుంది. ముఖానికి బదులు చేతులు చూపించవచ్చు, గుడ్డ చూపించవచ్చు, అదీ అమ్మాయి ఒప్పుకుంటేనే.

అమ్మిన డబ్బు ఆమె చేతికి అందడమూ అంత తేలిక కాదు. ఆధార్ లేకపోతే బ్యాంకు ఖాతా దొరకడం కష్టం. డబ్బు సంస్థ ఖాతాలోనో అన్నదమ్ముల జేబులోనో ఆగుతుంది. అందుకే ప్రతి అమ్మాయికీ ఒక చిన్న పుస్తకం, అందులో ఆమెకు అర్థమయ్యే గుర్తుల్లో జమ, వారం వారం నలుగురి ముందు లెక్క చూడడం, నాకు తెలిసినంతలో ఇదే నిజాయితీ గల పద్ధతి.

బడ్జెట్టులో మరో పద్దు కూడా రాయాలి: పాడవడానికి గుడ్డ. ఆరీ కుట్టు గొలుసుకుట్టు. చివరి ముడి విప్పి లాగితే వరసంతా ఊడి వస్తుంది. తానే గీసుకున్న ఖాకా నచ్చలేదని ఒక అమ్మాయి రెండు వారాల పని లాగేసి, తెల్లచుక్కలు దులిపి, కొత్త కాగితం అడిగితే, ఆ కాగితం ఇవ్వడానికి డబ్బు ముందే పక్కన పెట్టి ఉండాలి.