ఫాస్ట్ స్టార్టప్
ల్యాప్‌టాప్ త్వరగా తెరుచుకోవడానికి మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8తో తెచ్చిన సదుపాయం. షట్‌డౌన్ నొక్కితే ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ కేంద్ర భాగమైన కెర్నెల్, డ్రైవర్ల స్థితి హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే ఫైలులో నిలిచి, మళ్లీ ఆన్ చేసినప్పుడు మెమరీలోకి వస్తుంది. అంటే అది సగం నిద్రే. మొరాయించే డ్రైవరు కూడా అలాగే మిగిలిపోయి, ఆన్, ఆఫ్ రెండూ నత్తనడక నడవవచ్చు. రీస్టార్ట్‌లో మాత్రం కెర్నెల్ మొదటి నుంచి లోడవుతుంది. ‘ఆపి మళ్లీ వేశాను, తేడా లేదు’ అనేవారికి ఒక్కోసారి రీస్టార్ట్ పనిచేసేది అందుకే. నెమ్మదికి కారణం పాత హార్డ్ డిస్క్ అయితే మాత్రం ఎస్‌ఎస్‌డీయే మందు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ప్రోగ్రాములను తగ్గించడమూ మేలు. ఫాస్ట్ స్టార్టప్‌ను కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఆపవచ్చు. ఇది ఆధారపడే హైబర్నేషన్‌ను (మెమరీ స్థితిని డిస్క్‌లో దాచి యంత్రాన్ని ఆపే పద్ధతి) ముందే ఆపేసిన యంత్రాల్లో ఆ ఎంపిక కనిపించదు.