కలివికోడి నేల

రాజోలి ఒడ్డు నుంచి సాగే తుంగభద్ర కృష్ణలో కలిసి శ్రీశైలం జలాశయం చేరుతుంది. అందులో కొంత పోతిరెడ్డిపాడు తూముల గుండా తెలుగుగంగ కాలువలోకి మళ్లి, వెలుగోడు మీదుగా కడప జిల్లా బ్రహ్మంసాగర్‌కు దిగుతుంది. ఆ నీళ్ల కోసం సీమ ఎన్ని తరాలు ఎదురుచూసిందో కొత్తగా చెప్పక్కర్లేదు. కాలువ దారిలోనే ఒక పిట్ట కాపురముంది.

కలివికోడి. అడుగుకు తక్కువే పొడవు, రొమ్ము మీద రెండు గోధుమ పట్టీలు. రెక్కలున్నా నేల మీదే బతుకు. పగలంతా ముళ్లపొదల నీడన కదలకుండా ఉండి, రాత్రి చెదలూ పురుగులూ ఏరుకు తింటుంది. పొద్దుగూకాక కాసేపు రెండు స్వరాల కూత కూసి ఊరుకుంటుంది. పొదలు చిక్కబడితే ఇమడలేదు, నేల బోడైతే బతకలేదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తేంత జాగా కావాలి. మేకలు మేసే, కట్టెలు కొట్టే అడవే దానికి ఒప్పింది. అందుకే చుట్టూ కంచె వేసి చేతులు దులుపుకుంటే నిలిచే జాతి కాదిది.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డన్ దీన్ని లోకానికి చూపింది 1848 నాటికి. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక శాస్త్రజ్ఞులెవరి కంటా పడలేదు. అంతరించిందనుకున్నారు. ఊళ్లవాళ్లను అడిగితే కదా! 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పిట్ట బొమ్మ పట్టుకుని అడిగారు. 1986 జనవరిలో, సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లెకు చెందిన ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని ప్రాణంతో పట్టుకున్నాడు. కబురందుకుని పరిశోధకుడు భరత్ భూషణ్ పరుగున వచ్చాడు. పిట్ట దక్కలేదు. ఎనభై ఆరేళ్లకు దొరికిన ప్రాణి మ్యూజియం నమూనా అయింది.

1988లో ఈ పిట్ట కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. బిళ్ల మీద బాగానే ఉంది. బయట మాత్రం పొదలు కొట్టి నిమ్మతోటలు వేశారు, మళ్లు చేశారు. బోరులో నీళ్లు పడ్డ రైతు పొదల్ని ఎందుకు ఉంచుకుంటాడు? తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 2005లో మాత్రం తెలుగుగంగ తవ్వకం యంత్రాలు అనుమతి లేకుండా పిట్ట నివాసంలోకే దిగాయి. పరిశోధకులు అడ్డుపడ్డారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది, కాలువ దారి మారింది. కాగితం మీద గెలిచింది పిట్టే. అయినా ఆ దశాబ్దం ముగిసేసరికి జాడ తెలియకుండా పోయింది.

2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు కొందరు దాని కూత రికార్డు చేశారు. వార్త చదివి నేనూ సంబరపడ్డాను. 1986లోనూ అందరూ ఇలాగే సంబరపడ్డారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే యంత్రాలు వచ్చాయి.