జబ్ర్ అంటే జబర్దస్తీ కాదు

పోయిన ఎండాకాలం సెలవులకు కొల్లాపూర్ ఇంట్లో ఉన్నాం. లోపలి గదిలో గడ్డి పరిచి బేనిషాన్ కాయలు మాగేశారు, ఇల్లంతా అదే వాసన. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి లెక్కల పుస్తకం ముందేసుకుని, "అబ్బా, యే ఆల్జీబ్రా కౌన్ నికాలే?" అని విసుక్కుంది.

నేను ఛాతీ విరుచుకుని, "మనవాళ్లే బేటా" అన్నాను. పక్కన తస్బీ తిప్పుతున్న మా ఫుప్పు నవ్వింది. "తుమ్హారే వాలే హై తో తుమ్కు కైకు నై ఆయా రే?"

సచ్ బాత్. లెక్కల్లో నేను ఎప్పుడూ అంతంతమాత్రమే. చదివింది ఉర్దూ మీడియం. కితాబులో 'అల్‌జబ్రా' అని ఉండేది. మా ఉస్తాద్ మాత్రం పాత అలవాటుతో 'జబ్ర్ ఓ ముఖాబలా' అనేవారు. 1918లో ఉర్దూ మీడియంతో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కోసం, అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి సైన్సు, లెక్కల కితాబులను ఉర్దూలోకి తెచ్చారు. ఆ జమానా జబాన్ అది. తర్వాత డిగ్రీకి తెలుగులోకి వస్తే అదే ఇల్ము 'బీజగణితం' అయింది. ఇప్పుడు బిడ్డకు ఆల్జీబ్రా. ఒకే ఇంట్లో ఒకే చదువుకు ఇన్ని పేర్లు!

చిన్నప్పుడు 'జబ్ర్' అనగానే నాకు జులుం గుర్తొచ్చేది. ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతమే కదా. పైగా 'జబర్దస్తీ' కూడా దాన్లోంచే పుట్టిందనుకున్నా. తెలుగులో రాస్తే రెండింటికీ అదే 'జ'. ఉర్దూ హిజ్జే చూస్తే గానీ గలతీ తెలియదు. జబ్ర్‌లో ఉన్నది జీమ్. అది అరబీ మాట. జబర్దస్త్‌లో ఉన్నది జే. అది ఫార్సీ. జబర్ అంటే పైన, దస్త్ అంటే చెయ్యి. అంటే పైచేయి. ఖాయిదాలో పిల్లలు చదివే జేర్, జబర్, పేష్‌లోని జబర్ ఇదే, హరఫ్ పైన గీసే గీత. మన తెలుగు 'జ' జీమ్, జాల్, జే, జ్వాద్, జోయ్ అన్నింటినీ ఒకే చాప మీద కూర్చోబెడుతుంది. అందుకే లఫ్జు పుట్టుక తెలియాలంటే హిజ్జే చూడాలి.

మరి అరబీలో జబ్ర్ అసలు మతలబు ఏమిటి? విరిగినదాన్ని సరిచేయడం, ముఖ్యంగా విరిగిన ఎముకను తిరిగి కూర్చడం. చెయ్యి విరిగితే కట్టే బద్దల కట్టును ఫిఖ్హ్ కితాబుల్లో 'జబీరా' అంటారు. వుజూలో కట్టు మీద మసహ్ చేసే మసలా చాలామందికి తెలుసు. రెండు సజ్దాల మధ్య చదివే దుఆలో 'వజ్‌బుర్నీ' అంటాం. నా విరుగుడును సరిచెయ్యి అని అడుగుతున్నామన్నమాట. మన వీధుల్లో ఎందరో అబ్దుల్ జబ్బార్‌లు ఉన్నారు. ఆ పేరులో ఖహర్ ఒక్కటే కాదు, అతికించే రహమ్ కూడా ఉంది.

ఇదే లఫ్జు స్పెయిన్‌లో అరబ్బుల హుకూమత్ కాలంలో అక్కడి జబాన్‌లోకీ వెళ్లింది. స్పానిష్‌లో ఎముకలు కట్టేవాణ్ని 'అల్హెబ్రిస్తా' అనేవారు. 1615లో వచ్చిన డాన్ కిహోటే రెండో భాగంలో దెబ్బలు తిన్న ఒక పాత్రకు వైద్యం చేసేది ఇలాంటివాడే. మనవైపు చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు అంటారే, ఆ పని చేసేవాడు అక్కడ ఆల్జీబ్రా మనిషి! ఇంగ్లీషులో కూడా ఈ మాట మొదట ఎముకల వైద్యం అర్థంతోనే కనిపించింది. లెక్కల అర్థం స్థిరపడింది పదహారో శతాబ్దంలో.

లెక్కల్లోకి దీన్ని తెచ్చినాయన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఖ్వారిజ్మ్ అంటే నేటి ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ వైపు ఇలాఖా. 813 నుంచి 833 దాకా ఖలీఫాగా ఉన్న మామూన్ దౌర్‌లో బగ్దాద్ బైతుల్ హిక్మాలో పనిచేశాడు. ఆయన కితాబు పేరులోనే 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా' ఉంది. సరిగ్గా పలికితే అక్కడ ఖాఫ్ రావాలి. మన దక్కనీ నాలుకకు ఖాఫైనా ఖేయైనా ఒకటే, మాఫ్ చేయండి.

ఆ రెండు మాటలూ రెండు పనులు. మామిడి బుట్టలతో చెప్తాను. ఐదు బుట్టల్లోంచి 10 కాయలు తీస్తే, అది మూడు బుట్టలూ ఇంకో 30 కాయలకూ సమానం. బుట్టకెన్ని? తీసేసిన 10 వల్ల మొదటి వైపు విరిగి ఉంది. ఆ 10 తిరిగి పెట్టాలి, రెండోవైపూ 10 కలపాలి. ఇది జబ్ర్. ఇప్పుడు ఐదు బుట్టలు ఒకవైపు, మూడు బుట్టలూ 40 కాయలూ ఇంకోవైపు. ఎదురెదురుగా పెట్టి రెండువైపులా ఉన్న మూడేసి బుట్టలు తీసేయాలి. ఇది ముఖాబలా. మిగిలింది రెండు బుట్టలకు 40. బుట్టకు 20. ఖ్వారిజ్మీ ఒక్క గుర్తు కూడా వాడలేదు, అంతా మాటల్లోనే రాశాడు.

1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ స్పెయిన్‌లో దీన్ని లాటిన్‌లోకి తర్జుమా చేశాడు. జీమ్‌కు లాటిన్ 'జీ' అక్షరం పెట్టారు, చివర 'ఆ' చేర్చారు, అరబీ 'అల్' అలాగే అతుక్కుపోయింది. ముఖాబలా దారిలో జారిపోయింది. సమానం గుర్తు కనిపెట్టిన రాబర్ట్ రికార్డ్ 1557 నాటి పుస్తకంలో 'అల్జీబర్' అని రాశాడు. ఆ కాలంలో యూరప్‌లో కొందరు గేబర్, అంటే జాబిర్, అనే ఆలిమ్ పేరు మీద ఈ లఫ్జు వచ్చిందని నమ్మారు. హిజ్జే చూసి మోసపోయింది నేనొక్కణ్నే కాదని తెలిసి తసల్లీ కలిగింది. ఇంకో తమాషా, మా ఉర్దూ కితాబులోని 'అల్‌జబ్రా' చివరి అలిఫ్. అరబీ లఫ్జు యూరప్ తిరిగి, ఇంగ్లీషు కోటు వేసుకుని ఇంటికొచ్చిందన్నమాట.

"మనవాళ్లే" అన్న మాట కూడా కొంత తగ్గించుకోవాలి. ఖ్వారిజ్మీకి రెండొందల ఏళ్ల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు సున్నాకూ రుణసంఖ్యలకూ ఖాయిదాలు రాశాడు. హిందూ అంకెల హిసాబ్ గురించి ఖ్వారిజ్మీ వేరే కితాబే రాశాడు. దాని లాటిన్ తర్జుమా వల్ల ఆయన పేరే 'అల్గారిజమ్' అయింది. వాట్సప్‌లో తిరుగుతుంది కదా, ఎక్స్ అనేది అరబీ 'షై' నుంచి వచ్చిందని. ఖ్వారిజ్మీ తెలియని సంఖ్యను షై, అంటే వస్తువు, అన్నది నిజమే. కానీ అక్కడి నుంచి ఎక్స్ వచ్చిందనడానికి సబూత్ లేదు. ఎక్స్, వై, జెడ్‌ల రివాజు 1637లో డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది. ఫఖర్ పడాలంటే నిజమే చాలు, ఫార్వర్డులు అక్కర్లేదు.

నాకు నిద్ర పట్టనివ్వని విషయం వేరే ఉంది. ఆ కితాబులో దాదాపు సగం వసియ్యత్, విరాసత్ లెక్కలే. వారసుల్లో ఎవరి హిస్సా ఎంతో ఇన్సాఫ్‌గా తేల్చడం ఆ ఇల్ముకు పెద్ద పని. అమ్మాయికి ఆ లెక్క నేర్పుదామని మా దాదా జమీనే మిసాల్‌గా తీసుకున్నా. ఎకరా అంటే 40 గుంటలు. దాదా పోయేనాటికి దాదీ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. దాదీకి ఎనిమిదో వంతు, 5 గుంటలు. కూతురికి ఒక ఎక్స్, కొడుకుకు రెండేసి. ఐదు ఎక్స్‌లూ 5 గుంటలూ కలిపి 40. అమ్మాయి నిమిషంలో చెప్పింది, ఎక్స్ అంటే 7. తర్వాత దాదీ పోయింది, ఆమె 5 గుంటల్లో కూతురికి ఇంకొకటి. ఎకరాకు 8.

"మరి ఫుప్పు దాదీకి ఇచ్చారా?" అంది.

నాలుగెకరాలు. అబ్బా, చాచా చెరో రెండు పంచుకున్నారు. జహేజ్ ఇచ్చాం కదా అన్నారు. ఫుప్పు దస్తఖత్ పెట్టింది. మాయికా దర్వాజా తెరిచి ఉంటే చాలనుకుంది. ఆ పిల్ల అడిగినప్పుడు కూడా ఆమె తల ఎత్తలేదు, తస్బీ తిప్పడం మాత్రం ఆపింది.

లెక్క ప్రకారం 32 గుంటలు, మా వైపు నుంచి 16. అబ్బా ఇప్పుడు లేరు, ఆ కర్జు నా మీద ఉంది. చాచాను అడిగా, ఇంకా ఒప్పుకోలేదు. మా 16 గుంటల కాగితాలు మాత్రం మొదలుపెట్టాను. "అబ్ కైకు బేటా" అంది ఫుప్పు. కాస్సేపాగి, "ఆ పెద్ద మామిడిచెట్టు ఏవైపు వస్తుంది?" అని అడిగింది.

మీ ఇళ్లల్లోనూ ఒకసారి ఈ లెక్క చేసి చూడండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.