భారతదేశంలో హెపటైటిస్ బి వైరస్ జన్యు వైవిధ్యం

భారతదేశంలో హెపటైటిస్ బి వైరస్ జన్యు వైవిధ్యం అనగా దేశ ప్రజలలో వ్యాపించి ఉన్న ఈ వైరస్ యొక్క వివిధ జన్యురూపాలు, ఉపరూపాలు మరియు వాటిలో కలిగే ఉత్పరివర్తనాలు. హెపటైటిస్ బి కాలేయానికి సోకే వ్యాధి. దీర్ఘకాలం కొనసాగితే ఇది కాలేయం గట్టిపడిపోవడానికి (సిర్రోసిస్), కాలేయ క్యాన్సరుకు దారితీయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 2.98 కోట్ల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు.

వైరస్ నిర్మాణం

ఈ వైరస్ జన్యుపదార్థం వలయాకారపు డి.ఎన్.ఏ. దీని పొడవు సుమారు 3,200 న్యూక్లియోటైడులు మాత్రమే. ఇందులో ఎస్, సి, పి, ఎక్స్ అనే నాలుగు జన్యువులు ఒకదానిపై ఒకటి అతివ్యాపించి ఉంటాయి. వైరస్ వృద్ధి చెందేటప్పుడు మొదట ఆర్.ఎన్.ఏ. తయారై, దాని నుండి తిరిగి డి.ఎన్.ఏ. ఏర్పడుతుంది. ఈ పని చేసే ఎంజైముకు తప్పులు సరిదిద్దే శక్తి లేదు. అందువలన ఇతర డి.ఎన్.ఏ. వైరస్‌ల కంటే ఇందులో మార్పులు త్వరగా పేరుకుంటాయి.

జన్యురూపాలు

1965లో బరూచ్ బ్లంబర్గ్ బృందం ఆస్ట్రేలియా యాంటిజెన్‌ను వర్ణించిన తరువాత, మొదట రక్తపరీక్షల ఆధారంగా వైరస్‌ను రకాలుగా విభజించారు. 1988 నుండి జన్యుక్రమం ఆధారంగా వర్గీకరణ మొదలయింది. మొత్తం జన్యుక్రమంలో సుమారు 8 శాతం తేడా ఉంటే వేరు జన్యురూపంగా, సుమారు 4 నుండి 8 శాతం తేడా ఉంటే ఉపరూపంగా పరిగణిస్తారు. ఏ నుండి ఐ వరకు తొమ్మిది జన్యురూపాలు గుర్తించబడ్డాయి. పదవదిగా జె ప్రతిపాదించబడింది.

దేశంలో వ్యాప్తి

భారతదేశంలో డి జన్యురూపం అత్యధికంగా కనిపిస్తుంది. తరువాతి స్థానం ఏ జన్యురూపానిది. దక్షిణ భారతదేశంలో కూడా ఇదే క్రమం ఉన్నది. ఏ జన్యురూపంలో ఏ1 అనే ఉపరూపం ఎక్కువ. డి జన్యురూపంలో డి1, డి2, డి3, డి5 మొదలైనవి కనుగొనబడ్డాయి. తూర్పు, ఈశాన్య ప్రాంతాలలో వీటితో పాటు తూర్పు ఆసియాలో సాధారణమైన సి జన్యురూపం కూడా ఉన్నది. పశ్చిమ బెంగాల్‌లో ఏ, సి, డి మూడూ కలిసి వ్యాపిస్తున్నాయి.

వైద్యపరమైన ప్రాముఖ్యత

* ఇంటర్‌ఫెరాన్ చికిత్సకు డి కంటే ఏ జన్యురూపం మెరుగుగా స్పందిస్తుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి నోటి మందులు అన్ని జన్యురూపాలపైనా పనిచేస్తాయి.
* సి జన్యురూపం సోకినవారిలో కాలేయ క్యాన్సరు ముప్పు ఎక్కువ.
* 1896వ స్థానంలో గ్వానిన్‌కు బదులు అడెనిన్ వస్తే 'ఇ' యాంటిజెన్ తయారీ ఆగిపోతుంది. డి జన్యురూపంలో ఈ మార్పు సాధారణం, ఏ జన్యురూపంలో అరుదు. ఇటువంటి రోగులలో 'ఇ' యాంటిజెన్ పరీక్షలో కనబడకపోయినా వైరస్ వృద్ధి, కాలేయ నష్టం కొనసాగవచ్చు. కనుక రక్తంలో వైరస్ డి.ఎన్.ఏ. పరిమాణాన్ని, కాలేయ ఎంజైములను కూడా పరీక్షించాలి.
* లామివుడిన్ మందును దీర్ఘకాలం వాడినపుడు పాలిమరేజ్ 204వ స్థానంలోని మెథియోనిన్ మారి, వైరస్ ఆ మందుకు లొంగకుండా పోతుంది. పి, ఎస్ జన్యువులు అతివ్యాపించి ఉన్నందున మందు వలన కలిగే మార్పు కొన్నిసార్లు ఉపరితల యాంటిజెన్‌ను కూడా మారుస్తుంది.

టీకా మరియు వైవిధ్యం

ఉపరితల యాంటిజెన్‌లోని 'ఏ' నిర్ణాయకం అన్ని జన్యురూపాలకూ ఉమ్మడిగా ఉంటుంది. అందుచేత ఒకే టీకా అన్నింటి నుండి రక్షణ ఇస్తుంది. ఈ భాగంలో 145వ స్థానంలోని గ్లైసిన్ ఆర్జినిన్‌గా మారితే వైరస్ టీకా రక్షణను తప్పించుకోగలదు. అయితే ఇటువంటివి అరుదు, టీకా ప్రయోజనాన్ని ఇవి తగ్గించలేదు.

1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ షాన్‌వాక్-బి అనే టీకాను విడుదల చేసింది. ఇది భారతదేశంలో దేశీయంగా రూపొందిన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా. సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఈ టీకాను 2002–03లో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, 2011లో దేశమంతటా విస్తరించారు. తల్లి నుండి సంక్రమణను అడ్డుకోవడానికి మొదటి మోతాదును పుట్టిన 24 గంటలలోపు ఇవ్వాలి. 6, 10, 14 వారాలలో పెంటావాలెంట్ టీకాలో భాగంగా మిగిలిన మోతాదులు ఇస్తారు. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమయింది. దీని క్రింద పరీక్షలు, చికిత్స ఉచితంగా అందిస్తారు.